ఇంకా మూడు రోజులే!

మొన్న ఆదివారం పొద్దున్నే కాఫీ కలుపుకుని, తీరిగ్గా ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. సరుకులు తెప్పించుకునే సైట్లో ఏడాదిగా పోగేసిన 640 పాయింట్లున్నాయి. పాయింటుకి రూపాయి. వాటితో ఆత్రేయపురంలో ఉన్న అమ్మకి హాట్‌బాక్స్ కొనాలని నా ప్లాను. తీరా చూస్తే అక్కడ సున్నా!

అదేంటి, ఇవాళ్టిదాకా ఉండాలిగా? పాత మెసేజ్‌లన్నీ తిరగేశాను. మొదటిది "1 నెలలో ముగుస్తాయి". తర్వాతది "2 వారాలు". గురువారం పొద్దున్న పదింటికి "ఇంకా 3 రోజులే". శుక్రవారం ఒకటి, శనివారం రెండు, ఆదివారం మూడు అని వేళ్లమీద లెక్కేసుకున్నాను. శుక్రవారం పదింటికి "38 గంటలు" అని ఇంకోటొచ్చింది. అది చూసేసరికి సాయంత్రమైంది, చేతినిండా పిండి. ఈ 38 గంటలూ వాళ్లు పంపినప్పట్నుంచా, నేను చూసినప్పట్నుంచా? మూడు రోజులన్నారుగా, ఆదివారం చూద్దాంలే అని వదిలేశాను.

మావారు కాగితం తీసి లెక్కేశారు. శుక్రవారం పదింటి నుంచి 38 గంటలంటే శనివారం అర్ధరాత్రి. అంటే గురువారం మెసేజ్ వచ్చేసరికి మిగిలినవి 62 గంటలు, రెండున్నర రోజుల పైచిలుకు. దాన్ని సైటువాళ్లు మూడు చేసేశారు. "ఆరొందల నలభైకి ఇంత బాధా?" అన్నారు. ఆయనకేం తెలుసు! పప్పూ ఉప్పూ ఆఫర్లు చూసి చూసి కొంటూ నేను పోగేసుకున్నవి. నా పేరున ఉన్న సంపాదన అదొక్కటే.

అత్తయ్యగారు పంచాంగంలోంచి తలెత్తారు. "ఘడియంటే 24 నిమిషాలు, జామంటే మూడు గంటలు. తిథి ఓసారి 20 గంటలే ఉంటుంది, ఓసారి 26 గంటలుంటుంది. ఇన్ని లెక్కలున్నా మేమెప్పుడూ తికమకపడలేదమ్మాయ్. పంచాంగంలో ఎంత మిగిలిందో రాయరు, ఎన్ని గంటల వరకో రాస్తారు" అన్నారు.

నిజమే కదండీ! మన గోదావరికి పన్నెండేళ్లకోసారి పుష్కరాలొస్తాయి. 2015లో జులై 14 నుంచి 25 వరకు అని చెప్పబట్టే ఎక్కడెక్కడివాళ్లో టికెట్లు కొనుక్కుని మన రాజమండ్రి వచ్చారు. "ఇంకా కొన్ని వారాలే" అంటే ఎవరు బయల్దేరతారు? అందుకే ఇప్పుడు ఏ సైట్లోనైనా ముందు ఆఖరి తేదీ, టైమూ వెతికి, గోడమీది క్యాలెండర్లో రాసేస్తున్నాను.

ఆ సాయంత్రమే అమ్మ ఫోన్ చేసింది. "ఎప్పుడొస్తావే?" అంది.

"రెండ్రోజుల్లో వస్తానమ్మా" అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. సంక్రాంతప్పుడు "పండగెళ్లాక" అన్నాను. తర్వాత "వచ్చే వారం" అన్నాను. పోయిన నెల "రెండ్రోజుల్లో" అన్నాను. నా రెండ్రోజులు ఎప్పట్నుంచి మొదలో అమ్మకెలా తెలుస్తుంది? ఒక్కతే ఉండి వేళ్లమీద ఎన్నిసార్లు లెక్కేసుకుందో!

"బుధవారం పొద్దున్న పదకొండింటికి మనింట్లో ఉంటానమ్మా" అన్నాను.

అమ్మ ఓ క్షణం మాట్లాడలేదు. తర్వాత అంది, "అయితే బుధవారానికి పనసపొట్టు కొట్టించి ఉంచుతాను. పదకొండన్నావు, గుర్తుంచుకో."

క్యాలెండర్లో రాసేశాను.