డెబ్బై ఆరు ముందు, డెబ్బై తొమ్మిది వెనక

సెయింట్ లూయిస్‌లో ఎం.ఎస్. చదివే రోజుల్లో మా ఇంటి ఓనరు ఒకప్పుడు కార్వెట్ ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. అమెరికావాళ్లు మా స్పోర్ట్స్ కారని మురిసిపోయే షెవర్లే కార్వెట్, 1954 మోడల్ నుంచి 1981 దాకా ఆ ఊళ్లోనే తయారైంది. తర్వాత ఫ్యాక్టరీ కెంటకీలోని బౌలింగ్ గ్రీన్‌కు వెళ్లిపోయింది. పెద్దాయన మాత్రం ఊరు విడిచి వెళ్లనన్నాడు. ఆయన గరాజ్‌లో 1976 కార్వెట్ ఒకటి ఉండేది. దాని వెనక భాగం మొత్తం ఊడదీసి 1979 కారుది తగిలిస్తానని అద్దె ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా చెప్పేవాడు. ఒక శనివారం నిజంగానే మొదలెట్టేశాడు. చిన్నప్పుడు సెలవులన్నీ బెజవాడ ఆటోనగర్‌లో మా బాబాయి టింకరింగ్ షెడ్డులో గడిపినవాణ్ణి, ఊరుకుంటానా? చూసొద్దామని వెళ్లి, సాయంత్రానికి మాస్కు కట్టుకుని నిలబడ్డాను.

అసలు తేడా ఏమిటో చెప్పాలి. 1968లో వచ్చిన ఆ ఆకారానికి మూలం మాకో షార్క్ టూ అనే ప్రదర్శన కారు. 1977 మోడల్ దాకా దాని వెనక అద్దం చిన్నది, దాదాపు నిలువుగా ఉండేది. పైకప్పు నుంచి రెండు పక్కలా రెక్కల్లాంటివి వాలుగా దిగి వెనక డెక్కు మీద కలిసేవి, అద్దం వాటి మధ్య లోతుగా ఇరుక్కుని కూర్చునేది. చూడ్డానికి బ్రహ్మాండం. రివర్స్ చేసేటప్పుడు నరకం. 1978లో కార్వెట్‌కు పాతికేళ్లు నిండాయి. పూర్తిగా కొత్త కారు తెచ్చే పరిస్థితి లేక కంపెనీ వెనక భాగాన్ని మాత్రం మార్చింది. రెక్కలు పోయి, పైకప్పు నుంచి తోక దాకా వాలే ఒకే పెద్ద వంపు అద్దం వచ్చింది. లోపల సామాను జాగా పెరిగింది, పెట్రోలు ట్యాంకు 17 గ్యాలన్ల నుంచి 24కి పోయింది. మరుసటి ఏడు, 1979లో, యాభై మూడు వేల పైచిలుకు కార్లు చేశారు. అంతకు మించి ఏ ఏడూ చేయలేదు.

పెద్దాయనకు ఆ అద్దమే కావాలి. మెడ తిప్పడం కష్టమైన వయసు, వెనకేం వస్తోందో కనిపించాలి కదా అనేవాడు. నాకు మాత్రం అది సాకులాగే వినిపించేది. తను లైన్లో నిలబడి బిగించిన కార్లలో తనకు నచ్చింది ఏదో ఒకటి తన గరాజ్‌లో ఉండాలని ఆయన ఆశ.

మిసిసిపీ నదికి అవతల, ఇల్లినాయ్ వైపు, ఒక స్క్రాపు యార్డులో ముందు భాగం నుజ్జయిన 1979 కారు దొరికింది. తలుపుల దగ్గర నుంచి వెనక్కి అంతా చెక్కుచెదరలేదు. యార్డువాళ్లు రంపంతో నిలువునా కోసి ఇస్తామన్నారు. పెద్దాయన ఒప్పుకోలేదు, కారు మొత్తం కొని ట్రైలర్ మీద తెచ్చుకున్నాడు. ఎందుకో ఆయన పని మొదలుపెట్టాక అర్థమైంది.

బాబాయి షెడ్డులో నేను చూసింది ఇనుప రేకు. సొట్ట పడితే సుత్తితో కొడతారు, చిరిగితే వెల్డింగ్ పెడతారు. ఆ కాలపు కార్వెట్ బాడీలో బయటి రేకంతా ఫైబర్‌గ్లాసే. 1953లో మొదటి కారు నుంచీ అంతే. ముందు అద్దం, తలుపుల చుట్టూ మాత్రం ఒక ఉక్కు పంజరం ఉంటుంది. దాని మీద ఫైబర్ పలకల్ని జిగురు పెట్టి, రివెట్లు కొట్టి అతికించేవారు. రెండు పలకలు కలిసే చోట లోపలి వైపు ఒక పట్టీ ఉంటుంది. బయట రంగు కింద ఆ అతుకు కనిపించదు గానీ, ఎక్కడుందో తెలిసినవాడు వేలితో తడిమి చెప్పగలడు. పలక మధ్యలో రంపం పెడితే ఆ కోత జీవితాంతం బలహీనంగానే ఉంటుందని, ఫ్యాక్టరీ అతికిన చోటే విడదీయాలని ఆయన పట్టు. హీట్ గన్‌తో అతుకు వేడి చేయడం, జిగురు మెత్తబడగానే పల్చటి పుట్టీ కత్తిని లోపలికి దూర్చి నెమ్మదిగా తట్టడం, ఇంకో అంగుళం ముందుకు పోవడం. రివెట్ల తలలు డ్రిల్లుతో తీసేయడం. రెండు కార్ల మీదా ఇదే పని. నా ఓపిక చచ్చేది. ఆయన రేడియోలో కార్డినల్స్ బేస్‌బాల్ వింటూ అదే వేగంతో పోయేవాడు.

బాడీ వెనక భాగం లేచాక కింద ఫ్రేము బయటపడింది. బాడీని ఫ్రేముకు బిగించే ప్రతి చోటా షిమ్ములు వేసేవారు, ఎత్తు సరిచేయడానికి. ఒక్కో కారుకు ఒక్కో లెక్క. ఎన్ని వేయాలో లైన్లో కొలిచి, అంకెను ఫ్రేము మీద చాక్‌తో రాసేవారు. తుప్పు పక్కన ఆ అంకెలు ఇంకా ఉన్నాయి. మీ చేతిరాతేనా అని అడిగాను. ఆయన టార్చి పెట్టి కాసేపు చూసి, "నా మూడు ఇంత అందంగా ఉండదు" అన్నాడు.

ఆ తర్వాత వచ్చింది అసలు కష్టం. కొత్త వెనక భాగాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలి? తలుపులే దిక్కు. ముందు తలుపులు రెండూ కీళ్ల దగ్గర సరిచేసి, గట్టిగా మూసి, వాటి అంచుకు సమానమైన సందు వచ్చేలా వెనక పలకల్ని జరుపుకుంటూ పోవాలి. ఎడమ పక్క సరిపోతే కుడి పక్క తేడా. రెండూ కుదిరాయనుకుంటే పైకప్పులో ఊడదీసే టీ-టాప్ పలకలు కూర్చోవు. ఒకే ఫ్యాక్టరీ, మూడేళ్ల తేడా, అయినా రెండు కార్లు ఒకేలా లేవు. "అక్కడ మేమే ఉన్నాం కదా, ఎలా ఒకేలా ఉంటాయి?" అని నవ్వాడు. పలకల్ని తాత్కాలికంగా స్క్రూలతో పట్టించి, విప్పి, కొద్దిగా గీకి, మళ్లీ పట్టించి... ఈ దశలో జిగురు చుక్క కూడా వాడలేదు. మా బాబాయి అయితే ఈపాటికి రెండు లారీలు బయటికి పంపేసేవాడు.

అన్నీ కుదిరాకే రెండు పాళ్ల జిగురు కలిపాం. అతుకు పైన రెండు అంచుల్నీ ఏటవాలుగా గీకి, ఆ లోయలో గాజు పీచు చాప ముక్కల్ని రెసిన్‌లో తడిపి పొర మీద పొర పరిచాం. గాలి బుడగ మిగలకుండా రోలరుతో ఒత్తాలి. 1973 తర్వాతి పలకల్ని మామూలు పాలియెస్టర్ రెసిన్ సరిగా పట్టదని ఎపాక్సీ తెప్పించాడు. బయట చలి మొదలైంది. చల్లగా ఉంటే ఎపాక్సీ గట్టిపడదు. ఆవిరులున్న చోట మంట హీటరు పెట్టకూడదు, అందుకని దీపాలు వేలాడదీసి వేడి చేశాం.

గీకుడు దుమ్ము సంగతి రాయకపోతే ఆ గరాజ్‌కు అన్యాయం చేసినట్టే. ఒళ్లంతా దురదగొండి ఆకు రాసుకున్నట్టుండేది. వేడినీళ్లు పోసుకున్నావా, చర్మ రంధ్రాలు తెరుచుకుని పీచు ఇంకా లోపలికి పోతుందట. ముందు చన్నీళ్లే పోసుకోవాలన్నది ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం. పనికి ముందు చేతులకు పౌడరు దట్టంగా రాసుకోవడం రెండోది. ల్యాబ్‌కు పౌడరు వాసనతో వెళ్తే మావాళ్లు ఏమనుకున్నారో ఇక్కడ రాయలేను.

ఇంతా చేసి రంగు వేయలేదు. అతుకుల్లో రెసిన్ పూర్తిగా కుదించుకోకముందే రంగు వేస్తే, మొదటి ఎండాకాలంలోనే అతుకు గీత పైకి తేలుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కార్లకే ఆ జబ్బు ఉండేదని ఆయనే చెప్పాడు. అందుకని కారు బూడిద రంగు ప్రైమర్‌తో, అద్దం లేకుండా, శీతాకాలమంతా అలాగే ఉంది. వసంతంలో ఎండ తగిలేలా బయట నిలబెట్టి, మళ్లీ గీకి, అప్పుడు రంగు వేయించాడు. ఆ పెద్ద అద్దాన్ని ఆయన పాత దోస్తులు వచ్చి ఎత్తారు, అందరూ ఫ్యాక్టరీవాళ్లే. చుట్టూ నల్లటి యూరిథేన్ పూసి, ఒకడు లోపల కూర్చుని "ఇంకా, ఇంకా, చాలు" అంటుంటే దించారు. గొట్టం పెట్టి నీళ్లు కొడితే కుడి మూల కారింది. మళ్లీ పూశారు.

ఆ వేసవిలో ఒక ప్రదర్శనకు తీసుకెళ్తే, పాత కార్వెట్లను తయారైనప్పటిలాగే ఉంచాలనే పట్టుదల ఉన్న ఒకాయన చుట్టూ తిరిగి చూసి, మంచి కారును పాడుచేశావన్నాడు. పాత రెక్కలు ఇక దొరకవని, అమ్మితే ధర రాదని అన్నాడు. ఆయన మాట తప్పని నేననను. చరిత్ర కావాలంటే దాన్ని ముట్టుకోకూడదు. కానీ ఒకే ఛాసిస్ మీద ముప్ఫై ఏళ్లలో మూడు బాడీలు మారిన లారీలు చూసి పెరిగినవాణ్ణి, నాకు ఆ కోపం రాలేదు. పైగా ఆ పాత రెక్కల్ని పెద్దాయన పారేయలేదు. అప్పటికే ఒక కుర్రాడు ముందే డబ్బిచ్చి వాటిని తీసుకుపోయాడు, వెనక గుద్దించుకున్న తన 1975 కారు కోసం.

రిజిస్ట్రేషన్ కాగితాల్లో అది 1976 కారే. పెద్దాయన భార్యను ఎక్కించుకుని బౌలింగ్ గ్రీన్ దాకా వెళ్లొచ్చాడు. ఎలా ఉందని అడిగితే వెనక కనబడుతోందని సంతోషం, సామాను పెట్టడానికే చిరాకు. 1978లో జాగా పెంచారు గానీ డిక్కీ మూత పెట్టలేదు, అద్దం తెరుచుకోదు. పెట్టెలు సీట్ల మీదుగా లోపలికి తోయాలి, మళ్లీ అలాగే లాగాలి. అద్దం పైకి లేచే ఏర్పాటు 1982లో, కలెక్టర్ ఎడిషన్ అని ప్రత్యేకంగా చేసిన కార్లకు మాత్రమే ఇచ్చారు. అలాంటివి ఏడువేల లోపే ఉన్నాయి. చెబుతూనే నా వైపో చీటీ తోశాడు. దాని మీద యార్డుల ఫోను నంబర్లున్నాయి. 1982 కారు అద్దం, కీళ్లు ఎవరి దగ్గరైనా ఉన్నాయేమో కనుక్కోమన్నాడు.