గోడ తప్పును కారు చెబితే

సాయంత్రం కారు తెచ్చి ఇంటి ముందు నిలిపి, ప్లగ్గు పెట్టాక, ఛార్జర్ పెట్టె మీద పచ్చ లైటు రావలసిన చోట ఎర్ర లైటు వెలిగితే ఎవరికైనా మొదట తోచేది కారులో ఏదో పాడైందనే. వెంటనే సర్వీసు సెంటరుకు ఫోను వెళ్తుంది. వాళ్లు కారు తెమ్మంటారు. తీసుకెళ్తే అక్కడ నిక్షేపంగా ఛార్జింగ్ ఎక్కుతుంది, ఇంటికి తెస్తే మళ్లీ ఎర్ర లైటే. ఈ తిప్పలు పూర్తి ఎలక్ట్రిక్ కార్లకూ ఉన్నాయి, పెట్రోలు ఇంజనుతో పాటు ప్లగ్గు పెట్టి నింపుకునే బ్యాటరీ ఉన్న ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లకూ ఉన్నాయి. మన రోడ్ల మీద మొదటి రకమే ఎక్కువ. కానీ ఇంటి దగ్గర రెండూ ఆధారపడేది అదే మూడు పిన్నుల సాకెట్టు మీద. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంట్లో ఛార్జింగ్ ఎక్కనప్పుడు ముందు అనుమానించవలసింది గోడను, గోడ వెనకున్న వైరింగును, ఆ వైరు చివర భూమిలో ఉండవలసిన ఎర్తింగును. ఛార్జర్ మొరాయించిందంటే చాలాసార్లు ఆ ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న లోపం దానికి దొరికిందని అర్థం. దాని కళ్లుగప్పి ఛార్జింగ్ ఎక్కించుకోవడం ఇంటిల్లిపాది ప్రాణాల మీదికి తెచ్చే పని.

ఆ కేబులు ఏం చేస్తుందో దగ్గరగా చూస్తే ఈ మాట బలపడుతుంది. కేబులు మధ్యలో ఉండే పెట్టెను అందరం ఛార్జర్ అంటాం గానీ, ఏసీ కరెంటును డీసీగా మార్చి బ్యాటరీకి ఎక్కించే అసలు ఛార్జర్ కారులోపల ఉంటుంది. పెట్టె పని తనిఖీ. గోడకు ప్లగ్గు పెట్టగానే అది ముందు ఎర్త్ ఉందా లేదా చూసుకుంటుంది. తరువాత ఒక సన్నని తీగ గుండా కారుకు 12 వోల్టుల సంకేతం పంపుతుంది. కనెక్టరు సరిగ్గా కూర్చుంటే కారులోని రెసిస్టరు వల్ల అది 9 వోల్టులకు తగ్గుతుంది. అప్పుడు పెట్టె అదే తీగ మీద సెకనుకు వెయ్యి స్పందనలు పంపి, వాటి వెడల్పుతో ఎన్ని ఆంప్స్ దాకా తీసుకోవచ్చో కారుకు చెబుతుంది. కారు తాను సిద్ధమని సంకేతాన్ని 6 వోల్టులకు దించుతుంది. అంతా కుదిరాకే లోపలి రిలే టక్కుమని మూసుకుని అసలు కరెంటు కదులుతుంది. ఛార్జింగ్ సాగినంతసేపూ కరెంటు ఎటైనా లీకవుతోందా అని పెట్టె చూస్తూనే ఉంటుంది. ఈ వరుసలో ఎక్కడ తేడా వచ్చినా కరెంటు రాదు. ఇంట్లో ఇంకే సామానూ పనిచేసే ముందు ఇన్ని ప్రశ్నలు వేయదు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది, సహజమైనదే. అదే సాకెట్టు మీద గీజరు నడుస్తోంది, ఐరన్‌బాక్సు నడుస్తోంది, కారుకు మాత్రం ఏం వచ్చింది? అవన్నీ ఫేజు, న్యూట్రల్ అనే రెండు తీగలతోనే నడుస్తాయి. మూడో పిన్ను వెనక వైరే లేకపోయినా ఫ్రిజ్ ఇరవై ఏళ్లు చల్లగానే ఉంటుంది. ఎర్త్ లేదన్న సంగతి బయటపడేది లోపల ఇన్సులేషన్ దెబ్బతిని, దాని తలుపును ఎవరో తడిచేత్తో పట్టుకున్న రోజునే. అందుచేత గీజరు నడవడం ఎర్తింగ్ ఉందనడానికి సాక్ష్యం కాదు. ఇంకొకటి, వ్యవధి. రెండు కిలోవాట్ల గీజరు పావుగంటో ఇరవై నిమిషాలో నడిచి ఆగుతుంది. కారు 13 ఆంప్స్ చొప్పున, అంటే సుమారు మూడు కిలోవాట్లు, ఆరేడు గంటలు తెరిపి లేకుండా లాగుతుంది. సాకెట్టులో స్క్రూ వదులై, లేదా పిన్నులు పట్టు తప్పి, ఆ కలయిక దగ్గర 0.15 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకుందాం. 13 ఆంప్స్ దగ్గర అక్కడ పుట్టే వేడి 25 వాట్లు. రేడియో రిపేరు షాపులో సీసం కరిగించే సోల్డరింగ్ ఐరన్ అంతే ఉంటుంది. దాన్ని రాత్రంతా ప్లాస్టిక్ సాకెట్టులో గుచ్చి పెట్టినట్టు లెక్క. పావుగంటలో ఆ వేడి తెలియదు, ఆరు గంటల్లో సాకెట్టు గోధుమరంగుకు తిరిగి కాలిన వాసన వేస్తుంది. కార్ల కంపెనీలకు ఈ భయం మొదటినుంచీ ఉంది. అమెరికాలో షెవ్రొలే వోల్ట్ అనే ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ను 2013 మోడల్ నుంచి మామూలు 120 వోల్టుల సాకెట్టు మీద 8 ఆంప్సే తీసుకునేలా అమర్చి ఇచ్చారు. 12 కావాలంటే యజమాని తానుగా ఎంచుకోవాలి. తెలియని ఇంటి వైరింగును మొదటే నమ్మకూడదన్న జాగ్రత్త అది. ఎక్స్‌టెన్షన్ బోర్డు, స్పైక్ బస్టర్, ఆరు ఆంప్స్ సాకెట్టుకు తగిలించే కన్వర్టరు పిన్ను కారు ఛార్జింగుకు ఎందుకు పనికిరావో ఈ లెక్కే చెబుతుంది.

ఎర్తింగ్ విషయం ఇంకాస్త ఆగి చూడవలసింది. మన ఇళ్లలో అది ఎక్కువగా ఒక్కసారి జరిగే పని. ఇల్లు కట్టేటప్పుడు గొయ్యి తవ్వి, జీఐ పైపో రాగి పలకో దింపి, చుట్టూ ఉప్పూ బొగ్గూ పొరలుగా పోసి, పైన చిన్న సిమెంటు గూడు కట్టి, మీటరు వచ్చాక మరిచిపోతారు. ఉప్పు కొన్నేళ్లలో కరిగిపోతుంది, పైపుకు తుప్పు పడుతుంది, క్లాంపు దగ్గర తీగ తెగుతుంది. ఆ గూటి మీద తరువాత టైల్స్ పరిచేసిన ఇళ్లకు లెక్కలేదు. దానికి తోడు మన నేల. హైదరాబాదులో చాలాచోట్ల కొద్ది అడుగులకే రాయి తగులుతుంది. రాయలసీమ ఎర్రనేల ఏప్రిల్, మే నెలల్లో ఎండి గట్టిపడితే దాని గుండా కరెంటు భూమిలోకి దిగడం కష్టమవుతుంది. అందుకే పాతకాలపు ఎలక్ట్రీషియన్లు వేసవిలో ఎర్త్ గొయ్యికి బిందెడు నీళ్లు పోయమనేవారు. చలికాలంలో చక్కగా ఛార్జింగ్ ఎక్కిన కారు వేసవి రాగానే మొరాయిస్తే నేల ఎండిందేమో చూడాలి. కారు అప్పుడూ అదే, కేబులూ అదే.

పరీక్షించాం, ఎర్త్ ఉందని ఎలక్ట్రీషియన్ చెప్పాడంటారు. ఎలా పరీక్షించాడన్నదే అసలు ప్రశ్న. నియాన్ టెస్టరు ఫేజు ఎక్కడుందో చెబుతుంది, ఎర్త్ గురించి ఏమీ చెప్పదు. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య వంద వాట్ల బల్బు పెట్టి చూడటం దానికంటే నయం. కానీ ఆ బల్బు తీసుకునేది అర ఆంపు కూడా కాదు. వెలిగే బల్బు నిరోధం సుమారు 530 ఓమ్‌లు. ఎర్త్ నిరోధం 50 ఓమ్‌లున్నా, అంటే చాలా పాడై ఉన్నా, బల్బు మీద 210 వోల్టులు పడి అది దివ్యంగా వెలుగుతుంది. అదే 50 ఓమ్‌ల ఎర్త్ ఉన్న ఇంట్లో వాషింగ్ మెషీన్ బాడీకి ఫేజు తగిలిందనుకోండి. భూమిలోకి పోయేది 4.6 ఆంప్స్. 16 ఆంప్స్ ఎంసీబీకి అది మామూలు లోడే, పడిపోదు. మెషీన్ బాడీ మీద కరెంటు అలాగే ఉంటుంది. బల్బు వెలిగింది కాబట్టి ఎర్త్ బాగుందన్నవాడు అబద్ధం చెప్పలేదు. ఆ పరీక్షకు అంతకుమించి తెలియదు. ఎర్త్ టెస్టరుతో కొలిచి ఓమ్‌లలో అంకె చెప్పమనాలి. ఇళ్లకు 5 ఓమ్‌ల లోపు ఉండాలని పనితెలిసిన ఎలక్ట్రీషియన్లు చూసుకుంటారు. మల్టీమీటరుతో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కూడా చూడాలి, అదీ గీజరు వేసి లోడు మీద ఉన్నప్పుడు. రెండు మూడు వోల్టులు మించితే న్యూట్రల్‌లోనో ఎర్త్‌లోనో వదులు కలయిక ఉందేమో వెతకాలి.

అంకె బాగా లేదని తేలినప్పుడు జరిగే ఒక పని గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. కొత్త గొయ్యి తవ్వే శ్రమ ఎందుకని సాకెట్టు విప్పి, న్యూట్రల్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య బెత్తెడు తీగ ముక్క కలిపేస్తారు. దాన్ని లూప్ వేయడం అంటారు. పెట్టె వెతికే ఎర్త్ దొరికినట్టే ఉంటుంది, పచ్చ లైటు వెలుగుతుంది, ఎలక్ట్రీషియన్ డబ్బులు తీసుకుని వెళ్తాడు. ఇప్పుడు స్తంభం నుంచి ఇంటికి వచ్చే న్యూట్రల్ తీగ గాలివానకు తెగిందనుకోండి, లేదా మెయిన్ బోర్డులో న్యూట్రల్ స్క్రూ కాలి వదులైందనుకోండి. ఇంట్లో వెలుగుతున్న బల్బుల గుండా, తిరుగుతున్న ఫ్యాన్ల గుండా ఫేజు న్యూట్రల్ తీగ మీదికి వస్తుంది. ఆ తీగ ముక్క గుండా ఎర్త్ పిన్నుకూ, అక్కడినుంచి కారు బాడీకీ చేరుతుంది. ఇంటి ఎర్త్ తీగ అంతా ఒకటే అయితే ఫ్రిజ్ తలుపుకూ, గీజరుకూ చేరుతుంది. దాన్ని భూమిలోకి లాగవలసిన ఎర్త్ బాగాలేకే కదా లూప్ వేసింది! బోర్డులో కరెంటు లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ ఉంటే ఈ లూప్‌ను అది చాలాసార్లు మొదటే పట్టుకుని పడిపోతుంది, ఎందుకంటే వెళ్లిన కరెంటంతా న్యూట్రల్ దారిన తిరిగిరాదు. అప్పుడు మాటిమాటికీ పడిపోతోందని ఆర్‌సీసీబీని కూడా తప్పించేస్తారు. కారు ఛార్జ్ కావడం కోసం ఇంటికున్న రక్షణలన్నీ ఒక్కొక్కటే తీసేసినట్టవుతుంది. పిల్లలు చెప్పులు లేకుండా తిరిగే వాకిట్లో తడినేల మీద కారు తలుపు పట్టుకునే చోట ఈ పని చేయడానికి ఎవరికీ హక్కు లేదు. మీ సాకెట్టులో అలాంటి ముక్క ఉంటే ఈ రోజే తీయించండి, ఛార్జింగ్ ఆగిపోతే ఆగిపోనీయండి.

ఎర్త్ కాకుండా గోడ వైపు మిగిలే కారణాలు రెండు మూడే. అపార్టుమెంటు జనరేటరు మీద, ఇన్వర్టరు మీద న్యూట్రల్‌ను చాలాచోట్ల భూమికి కలపరు కాబట్టి పెట్టెకు ఎర్త్ లేనట్టే కనిపిస్తుంది. కరెంటు పోయి జనరేటరు అందుకోగానే ఎర్ర లైటు వస్తే కారణం అదే కావచ్చు. వేసవి సాయంత్రాల్లో వీధంతా ఏసీలు వేసినప్పుడు వోల్టేజీ బాగా పడిపోయి ఛార్జింగ్ ఆగితే, పదకొండు దాటాక మొదలయ్యేలా టైమింగ్ పెట్టుకోవచ్చు. రోజూ అదే పరిస్థితైతే విద్యుత్ పంపిణీ సంస్థ అయిన డిస్కమ్‌కు ఫిర్యాదు చేయాలి.

తప్పంతా గోడదే అంటే అది కూడా అన్యాయమే. కారులో తప్పు ఉండే అవకాశాన్ని కొట్టిపారేయనక్కర్లేదు, వేరు చేసి చూడవచ్చు. అదే కారును, అదే కేబుల్‌ను ఎర్తింగ్ మంచిదని తెలిసిన ఇంకో ఇంట్లో పెట్టి చూడాలి. ఎక్కితే మన గోడ దోషి. అక్కడా ఎక్కకపోతే కారును వేరే ఏసీ ఛార్జింగ్ పాయింటు దగ్గర, అక్కడి సొంత కేబుల్‌తో పెట్టి చూడాలి. ఎక్కితే మన కేబులు పోయింది, ఎక్కకపోతే కారు. దీనికంటే ముందు కనెక్టరు చప్పుడయ్యేదాకా లోపలికి దిగిందా, కారులో ఎప్పుడో పెట్టిన ఛార్జింగ్ వేళ ఇంకా అలాగే ఉందా అన్నవి చూడాలి. అర్ధరాత్రికి టైమింగ్ పెట్టి మరిచిపోయి, సాయంత్రం ఎక్కడం లేదని కంగారుపడటం మామూలే. 12 వోల్టుల చిన్న బ్యాటరీ నీరసించినా కారు స్పందించదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో కారణం తోడవుతుంది. అక్కడి గరాజ్‌లో ఉండే జీఎఫ్‌సీఐ సాకెట్టు సుమారు 5 మిల్లీ ఆంప్స్ లీకేజీకే పడిపోతుంది. ఛార్జర్ పెట్టెలోని రక్షణ చాలావాటిలో 20 మిల్లీ ఆంప్స్ దాకా ఓర్చుకుంటుంది. పాతబడిన జీఎఫ్‌సీఐ మీద, అదే లైనులో డీప్ ఫ్రీజరు కూడా ఉంటే, రాత్రి ఏ రెండింటికో అది పడిపోయి పొద్దున్నే బ్యాటరీ ఖాళీగా కనిపిస్తుంది. ఆ సాకెట్టును కొత్త జీఎఫ్‌సీఐతో మార్పించాలే గాని, తీసేసి మామూలు సాకెట్టు పెట్టించకూడదు.

హైబ్రిడ్ యజమానులు వేసే ప్రశ్న మరొకటుంది. పెట్రోలు ఎలాగూ ఉంది, ఛార్జింగ్ ఎక్కకపోతే మునిగిందేమిటి? పెరిగేది పెట్రోలు ఖర్చు, పొగ. యూరోపియన్ కమిషన్ 2021లో రిజిస్టరైన కార్ల ఇంధన మీటర్ల లెక్కలు తీసి 2024లో నివేదిక ఇచ్చింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు నిజంగా విడిచే కార్బన్ డయాక్సైడ్ ప్రయోగశాల లెక్కకు సగటున మూడున్నర రెట్లని అందులో తేలింది. అనుకున్నంతగా వాటిని ఛార్జ్ చేసి బ్యాటరీ మీద నడపకపోవడం దానికి ముఖ్య కారణం. ప్లగ్గు పెట్టని హైబ్రిడ్ బరువైన పెట్రోలు కారే. పైగా కారును వదిలేసినా ఎర్త్ లోపం పోదు. అదే తీగ మీద ఫ్రిజ్, గీజరు, మోటారు రోజూ నడుస్తున్నాయి.

ఖర్చు సంగతికి వస్తే, కారు ధర పక్కన ఒక ఎర్త్ గొయ్యి, మెయిన్ బోర్డు నుంచి విడిగా లాగిన 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికొక ఎంసీబీ, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, మంచి 16 ఆంప్స్ సాకెట్టు పెద్ద ఖర్చు కాదు. ఇంటి కనెక్షన్ మీదే వాహనం ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు 2022లోనే స్పష్టం చేశాయి. శాంక్షన్డ్ లోడు చాలకపోతే పెంచమని డిస్కమ్‌కు దరఖాస్తు పెట్టాలి. అపార్టుమెంటు సెల్లారులో కామన్ మీటరు సాకెట్టు కంటే మన మీటరు నుంచి తీగ దింపించుకోవడం మేలు. కాకపోతే దూరం పెరిగేకొద్దీ తీగ మందం పెరగాలి. ముప్పై మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 13 ఆంప్స్ దగ్గర దారిలోనే తొమ్మిది వోల్టులకు పైగా పోతాయి. పని పూర్తయ్యాక ఎర్త్ టెస్టరు చూపిన అంకెను, తేదీని మెయిన్ బోర్డు తలుపు లోపలి వైపు మార్కరుతో రాయించండి. వచ్చే ఏప్రిల్‌లో నేల ఎండాక మళ్లీ కొలిపిస్తే, ఎంత మారిందో దాన్ని పక్కనే పెట్టి చూడొచ్చు.