డాంగిల్ పక్కన ఏముంది?

వైర్‌లెస్ మౌస్ మొరాయిస్తోందని ఫోన్ వస్తే నేను ముందు అడిగేది "ఎప్పుడండీ?" అని. చాలామందికి ఈ ప్రశ్న నచ్చదు. "ఎప్పుడేంటి బాబూ, ఎప్పుడూ అంతే" అంటారు. కాసేపు మాట్లాడనిస్తే అసలు సంగతి బయటికొస్తుంది. పొద్దున బాగుంటుందట, సాయంత్రం గెంతుతుందట. లేదా, భోజనానికి లేచి వచ్చేసరికి బిగుసుకుపోతుందట. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. విజయవాడలో ఇళ్లకు తిరిగి కంప్యూటర్లు బాగుచెయ్యడం నా పని. 2020 తర్వాత ఆఫీసు పని ఇళ్లలోకి వచ్చాక ఈ మౌస్ గోల కూడా పెరిగింది.

ముందు సెల్ సంగతి తేల్చాలి. చాలా ఇళ్లలో మౌస్‌కి కొత్త సెల్ కొనరు. గోడ గడియారంలోదో, టీవీ రిమోట్‌లోదో ఊడదీసి వేస్తారు. "మొన్నటిదాకా గడియారం నడిచిందిగా, మౌస్ ఎందుకు నడవదు?" అని నన్నే నిలదీస్తారు. గడియారం బొట్టుబొట్టుగా తాగుతుంది. మౌస్ కదిలినప్పుడల్లా లైటు వెలగాలి, రేడియో సంకేతం పోవాలి. ఆ క్షణంలో పాత సెల్ వోల్టేజి పడిపోతుంది, కాసేపు వదిలేస్తే మళ్లీ లేస్తుంది. అందుకే విడిగా మీటరు పెట్టి చూస్తే ఆ సెల్ ఏమీ ఎరగనట్టు మంచి అంకె చూపిస్తుంది. నా సంచిలో కొత్త ఆల్కలైన్ సెల్ ఉంటుంది, అది వేసి చూడందే ఇంకో మాట మాట్లాడను. మూత తీసినప్పుడు స్ప్రింగ్ మీద తెల్లగా పొక్కు కట్టి ఉంటే సెల్ కారిందన్నమాట. వెనిగర్ అద్దిన దూదితో తుడిచి, పూర్తిగా ఆరనిస్తే చాలావరకు బతుకుతుంది.

ఆ తర్వాత డాంగిల్, అంటే మౌస్ సంకేతాన్ని అందుకోడానికి కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టులో పెట్టేది. అసలు కథంతా ఈ గోరంత ముక్క దగ్గరే ఉంటుంది. మౌస్ చేతిలో ఉంటుంది కాబట్టి తిట్లన్నీ దానికే. డాంగిల్ మాత్రం సీపీయూ వెనక, బల్ల కింద, గోడకి ఆనుకుని హాయిగా దాక్కుంటుంది. పెట్టె మీద పది మీటర్లు అని రాస్తారు గానీ అది మధ్యలో అడ్డేమీ లేనప్పటి లెక్క. ఇనప డబ్బాకి వెనకాల పెట్టి మీటరు దూరంలోనే తడబడుతోందంటే మౌస్ కంపెనీని తిట్టి లాభం లేదు.

మొగల్రాజపురంలో ఒక ఫ్లాట్‌కి వెళ్లాను. ఇంట్లోంచే అకౌంట్స్ రాసే ఆవిడ. అప్పటికే మౌస్ మార్చారు. నాకంటే ముందు వచ్చినతను ఏకంగా విండోస్ ఫార్మాట్ చేసి పోయాడట. (మాలో కొందరికి జలుబుకీ ఫార్మాటే, జ్వరానికీ ఫార్మాటే.) "సాయంత్రం అయ్యిందంటే బాణం ఒకచోట నిలవదండీ" అన్నారు. సాయంత్రం ఏం పని చేస్తారమ్మా అని అడిగాను. "కొత్తగా ఏముందీ, ఆ రోజు ఫైళ్లన్నీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి లేస్తాను."

వంగి చూస్తే, నీలం రంగు పోర్టులో ఆ హార్డ్ డిస్క్ కేబుల్, దాని పక్కనే ఆనుకుని డాంగిల్. ఆ నీలం పోర్టు యూఎస్‌బీ 3.0ది, సెకనుకు 5 గిగాబిట్ల వేగం. అంత వేగంగా డేటా పారుతుంటే ఆ పోర్టు, కేబుల్, డిస్క్ కూడా రేడియో రొద పుట్టిస్తాయి. ఆ రొద సరిగ్గా మౌస్ మాట్లాడే 2.4 గిగాహెర్ట్‌జ్ మీద కూడా పడుతుంది. పెళ్లిపందిట్లో బ్యాండు మేళం పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినట్టు ఉంటుంది డాంగిల్ పని. ఇంటెల్ కంపెనీయే 2012లో కొలతలతో సహా ఈ సంగతి వివరిస్తూ ఒక పత్రం విడుదల చేసింది. మందు చాలా చవక: ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు. డాంగిల్‌ని దూరంగా ఉన్న నల్ల పోర్టుకి మార్చి, వైరుతో బల్ల మీదికి లాగాను. కాపీ నడుస్తుండగానే బాణం నున్నగా కదిలింది. ఆవిడకి నమ్మకం కుదరలేదు. డాంగిల్‌ని మళ్లీ డిస్క్ పక్కన పెట్టాను, గెంతింది. తీశాను, సర్దుకుంది. "ఈ వైరు ముక్క కోసమా కొత్త మౌస్ కొన్నది!" అన్నారు.

అదే 2.4 గిగాహెర్ట్‌జ్ మీద అడ్డొచ్చేవి ఇంకా ఉన్నాయి. వై-ఫై రూటర్ బల్ల మీదే ఉంటే అవతలికి జరపమంటాను, కుదిరితే కంప్యూటర్‌ని 5 గిగాహెర్ట్‌జ్ వై-ఫైకి మార్చేస్తాను. మైక్రోవేవ్ తిరుగుతున్నంతసేపే గెంతితే, అన్నం వేడయ్యేదాకా ఓపిక పట్టమంటాను. కాసేపు వదిలేస్తే నిద్రపోయి లేవని రకానికి డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ మీద నొక్కి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఆపెయ్యొచ్చన్న టిక్కు తీసెయ్యాలి. బ్లూటూత్ మౌస్ అయితే జాబితాలోంచి తీసేసి కొత్తగా జతచేస్తే చాలాసార్లు దారికొస్తుంది.

అసలు కనెక్షన్ జబ్బే కానివీ ఉంటాయి. క్లిక్కు సరిగ్గా పడుతూ బాణం ఒక్కటే గెంతుతుంటే రేడియోని వదిలేసి బల్ల వైపు చూస్తాను. మౌస్ కడుపులోని సెన్సర్ కింది ఉపరితలాన్ని సెకనుకు వేల ఫొటోలు తీసి, ఒకదాంతో ఒకటి పోల్చుకుని కదలికను లెక్కకడుతుంది. ఇప్పుడు మన ఇళ్లలో అద్దం పరిచిన డైనింగ్ టేబులే ఆఫీసు. అద్దం మీద మామూలు మౌస్‌కి పోల్చుకోడానికి ఏ గుర్తూ దొరకదు. కింద పాత క్యాలెండర్ అట్ట వేస్తే చాలు.

డాంగిల్ పారేసుకున్నవాళ్లకి మాత్రం నేను పెద్దగా ఏమీ చెయ్యలేను. సొరుగులోంచి నాలుగైదు తీసి "ఇందులో ఏదో ఒకటి పెట్టి చూడు బాబూ" అంటారు. చాలా రకాల్లో మౌస్, డాంగిల్ ఫ్యాక్టరీలోనే జతపడి వస్తాయి, ఇంకోదానికి పలకవు. కొన్ని కంపెనీల డాంగిళ్లు మాత్రం వాళ్ల సాఫ్ట్‌వేర్‌తో వేరే మౌస్‌కి జతపడతాయి. ఊరెళ్లేటప్పుడు డాంగిల్‌ని ల్యాప్‌టాప్‌కి వదిలెయ్యకుండా మౌస్ కింద మూత తీసి చూడండి. సెల్ పక్కన డాంగిల్ దూర్చుకోడానికి చాలావాటికి చిన్న గూడు ఉంటుంది.