హంతకుడు మద్రాసువాడు... కథ పలాసది!

టెక్కలి దాటి జాతీయ రహదారి మీద పలాస వైపు వెళుతుంటే మధ్యలో వస్తుంది నందిగాం. పడమట కొండలు, తూర్పున సముద్రం దాకా ఉద్దానం జీడి, కొబ్బరి తోటలు.

ఒకప్పుడు ఇలాంటి పల్లెలకు హత్య, పరిశోధన అంటే మద్రాసు నుంచి రీళ్ల పెట్టెల్లో వచ్చే సరుకే! 1966లో 'గూఢచారి 116'తో కృష్ణ ఆంధ్రా జేమ్స్‌బాండ్ అయ్యారు. మరుసటి ఏడాదే ఏవీఎం వారి 'అవే కళ్లు' ముసుగు హంతకుడితో హడలెత్తించింది. ఆ బాటలో తక్కువ ఖర్చు సినిమాలు వరుసకట్టాయి. స్టూడియో ఫ్లోరులో వేసిన బంగళా, ఓ రహస్య తలుపు, ఓ క్లబ్బు పాట... అంతే! టూరింగ్ టాకీసుల్లో రీలు మార్చే వ్యవధి చాలు, 'హంతకుడెవరు?' అని నేల క్లాసులో వాదన మొదలవడానికి.

చివరి రీలులో హంతకుడు దొరికేవాడు. కానీ ఆ సినిమా చూసినవాళ్ల ఊరు మాత్రం తెర మీద ఎక్కడా కనిపించేది కాదు.

ఆ లోటు 2020లో తీరింది. కరుణకుమార్ దర్శకత్వంలో వచ్చిన 'పలాస 1978' కూడా చిన్న సినిమానే. కానీ ఇందులో రహస్య తలుపులు లేవు. కులం, డబ్బు, అధికారం కలిసి ఇద్దరు జానపద కళాకారుల చేత కత్తి పట్టించిన కథ. మాటలన్నీ ఇక్కడి యాసలోనే. 'ఎవరు చంపారు?' అన్న పాత ప్రశ్న పోయి, 'ఎందుకు చంపాల్సి వచ్చింది?' అన్నది మిగిలింది.

పలాస స్టేషన్లో దిగినవాళ్లు జీడిపప్పు కొనకుండా వెళ్లరు. ఆ సినిమా చూసి వస్తే మాత్రం ఆ బజారు కాస్త వేరుగా కనిపిస్తుంది.