మిట్ట మధ్యాహ్నం ఆగిపోయే సోలార్

సోలార్ గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఈ నాలుగు ముక్కలు. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మాదాపూర్‌లో మా అల్లుడు ఉండే అపార్ట్‌మెంట్ మీద సోలార్ పలకలున్నాయి. ఎండ దంచికొట్టే 12, 1 గంటకే ఇన్వర్టర్ ఆగిపోతున్నదని వాళ్ల గోల. పలకలు చెడిపోయినయ్ అనుకున్నారు. చెడిపోలేదు. డిస్‌ప్లేలో వోల్టేజీ 254 చూపిస్తున్నది. రూల్ ప్రకారం 230కి 10 శాతం మించితే, అంటే 253 దాటితే, ఇన్వర్టర్ లైను నుంచి తప్పుకోవాలె.

ఎందుకు పెరిగింది? మన బోరు దగ్గర రోజూ చూసేదే, తిరగేసి చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లైను చివరికి పోయేసరికి వోల్టేజీ పడిపోతది, చివరి బోరాయన మోటరు మూలుగుతది. సోలార్ కరెంటు చివరి నుంచి ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఎదురు నడుస్తది, కాబట్టి చివర్న వోల్టేజీ లేస్తది. పైగా ఆ టైముకు ఫ్లాట్లల్ల మనుషులుండరు, అందరూ హైటెక్ సిటీ ఆఫీసుల్లో ఏసీ కింద కూర్చుంటరు.

ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ ఒక మెట్టు దించొచ్చు. కానీ రాత్రి అందరూ ఇండ్లకొచ్చి ఏసీలు వేస్తే అప్పుడు తక్కువైతది. మోటరుకు కెపాసిటర్ పెడితే వోల్టేజీ నిలబడుతది కదా, ఇప్పటి ఇన్వర్టర్లు దానికి ఉల్టా పని చేసి కొంత దించగలవు. ముందు ఆ సెట్టింగ్ అడగండి. బిగించేవాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఫ్రీక్వెన్సీ సంగతి వేరు. వోల్టేజీ వీధికొకటి, ఫ్రీక్వెన్సీ దేశమంతటికీ ఒక్కటే, 50. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో మన దక్షిణాది గ్రిడ్ కూడా అందులో కలిసింది. వాడకం తగ్గితే 50 దాటుతది, పెరిగితే కిందికి జారుతది. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9కి దేశమంతా లైట్లు ఆర్పితే దాదాపు 31 వేల మెగావాట్ల వాడకం పడిపోయింది. ఆ రాత్రి ఎక్కువగా ఆదుకున్నది నీటి కరెంటే, నిమిషాల్లో తగ్గించి మళ్లీ పెంచారు.

పాత ఆయిల్ ఇంజన్ గుర్తుందా, పక్కన పెద్ద ఇనుప చక్రం? లోడు పడ్డా దాని బరువే వేగాన్ని నిలబెట్టేది. థర్మల్, హైడల్ టర్బైన్లు అట్లాంటి చక్రాలే. సోలార్‌కు చక్రం లేదు. అందుకే బ్యాటరీలు కావాలె, శ్రీశైలం ఎడమగట్టు లాగా నీళ్లను మళ్లీ పైకి తోడే కేంద్రాలు కావాలె.

జర్మనీలో లక్షల ఇన్వర్టర్లు ఫ్రీక్వెన్సీ 50.2కి రాగానే ఒక్కసారే ఆగేటట్టు ఉండేవి. అన్నీ కలిసి ఆగితే గ్రిడ్డే కూలుతదని 2012లో రూల్ తెచ్చి పాతవాటినీ సరిచేయించారు. మన ఆటో స్టార్టర్లది అదే కథ. కరెంటు రాగానే అన్ని మోటర్లు ఒక్కపట్టున లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఏమైతదో మీకు తెలుసు, చందాలేసుకునేది మనమే.

2018 జనవరి 1 నుంచి మనకు 24 గంటల కరెంటు వచ్చింది కదా, రాత్రి బోరు వేసే పనేముంది? పట్నంలో వాడేవాళ్లు లేక ఆగిపోయే సోలార్‌కు, పొలాల్లో పగటి మోటర్లకన్నా మంచి గిరాకీ ఎక్కడ దొరుకుతది? నేనైతే ఆటో స్టార్టర్ తీసేసి వరికి 11 నుంచి 3 మధ్యలోనే నీళ్లు పెడుతున్న. మీ స్టార్టర్ డబ్బా మీటర్లో మధ్యాహ్నం ఎంత, రాత్రి ఎంత చూపిస్తున్నదో ఊరి పేరుతో కామెంట్లో రాయండి.