అరేబియా సముద్రం మీద నాలుగు రాత్రులు: బాల్కనీ గది అవసరమా?

గత చలికాలంలో మేము ముంబాయి నుండి లక్షద్వీప్‌కు విహార నౌకలో వెళ్ళి వచ్చాము. ఆ సంగతి తెలిసినది మొదలు మా మదర్సా విద్యార్థుల తల్లిదండ్రులు, బంధువులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "మౌలానా, బాల్కనీ ఉన్న గది తీసుకోవాలా, లోపలి గది సరిపోతుందా?" ద్వీపాలను గురించి అడిగేవారి కంటే గదిని గురించి అడిగేవారే ఎక్కువ. దానికి కారణం లేకపోలేదు. నేడు ఎన్నో కుటుంబాలలో పిల్లలు రియాద్‌లోనో, దుబాయ్‌లోనో, బెంగుళూరులోనో సంపాదించుకుంటూ, తల్లిదండ్రులను ఒక్కసారైనా ఎక్కడికైనా పంపాలని ముచ్చటపడుతున్నారు. "అబ్బా, మంచి గదే తీసుకుందాము" అని వారంటారు. "నాలుగు రాత్రులు పడుకోవడానికి అంత సొమ్మా?" అని పెద్దలంటారు. ఈ వాదన మా ఇంటిలోనూ రెండు వారాలు సాగినది. చివరకు ఒక లోపలి గది, ఒక బాల్కనీ గది తీసుకున్నాము. అందువలన రెండింటినీ దగ్గరగా చూచే అవకాశం కలిగినది.

గదుల తేడా తెలియనివారి కొరకు రెండు మాటలు. నౌక నడుమ భాగంలో, కిటికీ అన్నదే లేకుండా ఉండేవి లోపలి గదులు. అంచున ఉండి, తెరవడానికి వీలులేని గాజు కిటికీ గలవి రెండవ రకం. గాజు తలుపు తెరిచి బయట అడుగు పెడితే రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల పట్టేటంత వసారా ఉన్నవి మూడవ రకం. 1984లో ప్రయాణాలు ప్రారంభించిన 'రాయల్ ప్రిన్సెస్' నౌకలో గదులన్నింటినీ సముద్రం వైపే అమర్చి, అనేక గదులకు బాల్కనీలు కట్టారు. తరువాత కట్టిన పెద్ద నౌకలు చాలావరకు ఆ బాట పట్టాయి. మేమెక్కిన నౌక పాతది కావడం వలన అటువంటి గదులు అందులో బహు కొద్ది. ధర మనిషికి ఇంత అని చెబుతారు. అదీ గదిలో ఇద్దరున్నారన్న లెక్క మీద. పన్నులు, రేవు రుసుము, సిబ్బందికిచ్చే బక్షీసు వేరుగా వచ్చి చేరుతాయి. కనుక ప్రకటనలో కనిపించే అంకెను చూచి రెండు గదుల తేడా లెక్క కట్టరాదు. అన్నీ కలిపిన మొత్తాన్ని అడిగి తెలుసుకున్న తరువాతనే లెక్క కట్టాలి.

లోపలి గదిలో నేను, నా శ్రీమతి దిగాము. బాల్కనీ గది మా అత్తగారికి, ఆమెకు తోడుగా వచ్చిన మా బావమరిదికి. అత్తగారికి డెబ్బయ్యెనిమిది ఏళ్ళు. మోకాళ్ళ నొప్పి వలన ఇంటిలో కూడా గోడ పట్టుకుని నడుస్తారు.

ముందు మా గది సంగతి. పడక బాగున్నది, స్నానాల గది శుభ్రంగా ఉన్నది, చల్లదనానికి లోటు లేదు. దీపం ఆర్పితే మాత్రం పట్టపగలు కూడా చీకటే. వెలుపల తెల్లవారినదో, అర్ధరాత్రి అయినదో తెలియదు. తీరం దాటిన కొద్ది గంటలకే ఫోనులో సిగ్నల్ పోయినది. కర్నూలు నుండి జేబులో పెట్టుకుపోయిన నమాజ్ వేళల పట్టిక సముద్రం మీద పనికిరాదు. చుట్టూ ఉక్కు గోడలుండటం వలన ఫోనులోని దిక్సూచి మంచం దగ్గర ఒక దిక్కును, తలుపు దగ్గర మరొక దిక్కును చూపినది. కనుక ఫజ్ర్ వేళ తెలుసుకోవడానికి నేను పై డెక్‌కు వెళ్ళక తప్పలేదు.

ఆ వెళ్ళడమే నాకు మేలు చేసినది. సుబ్హె సాదిఖ్ అంటే ఏమిటో, అది అడ్డంగా దిక్చక్రం పొడవునా పరచుకునే తెల్లని వెలుగు అని ముప్పై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. కర్నూలులో ఇళ్ళ మధ్య, వీధి దీపాల మధ్య దానిని నిండుగా చూచినది లేదు. సముద్రం మీద అడ్డు లేదు. నీటికీ ఆకాశానికీ మధ్య గీత గీచినట్లు ఆ వెలుగు ఈ చివరి నుండి ఆ చివరకు పాకడం ఆ రెండవనాటి తెల్లవారుజామున చూచాను. నౌక దీపాల వలన దానికి ముందు వచ్చే నిలువు వెలుగు కనిపించలేదు. ఈ దృశ్యానికి నేను చెల్లించినది లోపలి గది ధర మాత్రమే. డెక్ అందరిదీ. ఉదయం ఎనిమిది గంటల వరకు అక్కడ పట్టుమని పదిమంది కూడా ఉండరు. నా శ్రీమతి, నేను ఒక మూల కూర్చుని టీ త్రాగుతూ, నౌక చీల్చిన నీటిలో నుండి ఎగిరే చేపలు పిచ్చుకల గుంపులాగా పైకి లేచి మళ్ళీ మునగడం చూచాము. తుంగభద్రనే సముద్రమనుకునే ఊరివారము మేము, కళ్ళు త్రిప్పుకోలేకపోయాము.

అయితే సాయంత్రాలు డెక్ వేరు. ఈత కొలను చుట్టూ సంగీతం, జనం. పర్దా పాటించే స్త్రీలకు అక్కడ కూర్చోవడం ఇబ్బందే. నౌకలో మద్యశాల, జూదశాల కూడా ఉన్నాయి. అటువంటి నౌక ఎక్కడం తగునా అని అడిగినవారూ ఉన్నారు. దానిపై ఎవరికి నమ్మకమున్న ఉలమాను వారు అడిగి తెలుసుకోవడం మంచిది. మేము ఆ అంతస్తులలో దిగకుండా నాలుగు రోజులు గడిపాము. మగ్రిబ్ తరువాత నా శ్రీమతి తన తల్లి గదికి పోయి, ఆ బాల్కనీలో ముఖం మీది నిఖాబ్ తీసి గాలి పీల్చుకునేది. ఆ గంట సేపు నేనూ మా బావమరిదీ పై వరండాలో తిరిగేవాళ్ళము.

ఇక మా అత్తగారు. ఆమె ఈ సముద్రం మీదకు రావడం ఇది రెండవసారి. 1978లో భర్తతో కలిసి ముంబాయి నుండి జిద్దాకు హజ్ నౌకలో వెళ్ళారు. నౌక బయలుదేరే వరకు ముంబాయిలోని సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో బస. వారం పైబడిన ప్రయాణం. అడుగు అంతస్తులో వరుసగా ఇనుప పడకలు, వాటి మధ్య పెట్టెలు, వంట సామాను, వాంతులు చేసుకునేవారు, జిక్ర్ చేసుకునేవారు. పై డెక్‌కు మగవారు వెళ్ళేవారట. స్త్రీలు, అందునా వయసులో చిన్నవారు, క్రిందనే ఉండిపోయేవారు. "సముద్రం దాటి వచ్చాను మియా, సముద్రాన్ని చూడలేదు" అని ఆమె నాతో ఎన్నోసార్లు అన్నారు. ఓడలో హజ్‌కు పోవడమన్నది 1995తో ముగిసిపోయినది. ఆ తరం యాత్రికులలో ఇప్పుడు మిగిలినవారు తక్కువ. వారిని అడిగి చూడండి, చాలామంది స్త్రీలు ఇదే మాట చెబుతారు.

పై డెక్‌కు లిఫ్టు ఉన్నది. కానీ లిఫ్టు దాకా పొడవైన వరండా, దిగిన తరువాత ఎత్తయిన గడప, తడిసిన నేల, ఊగే నౌక. మొదటి రోజు ఒక్కసారి ప్రయత్నించి ఆమె వద్దన్నారు. ఆ తరువాత నాలుగు పగళ్ళూ ఆమెకు సముద్రమంటే ఆ ఆరడుగుల వసారాయే. ఫజ్ర్ చేసి కుర్చీలో కూర్చుంటే జుహ్ర్ వరకు లేచేవారు కాదు. తస్బీహ్ చేతిలో, చూపు నీటి మీద. భోజనం అక్కడికే తెప్పించేవారు. రెండవనాటి సాయంత్రం నన్ను పిలిచి, సూర్యుడు నీటిలో దిగుతుంటే, "మీ మామగారు అప్పుడు పైకి పోయి వచ్చి నాకు చెప్పినది ఇదేనేమో" అన్నారు. నేను జవాబు చెప్పలేదు.

ఏ పక్క గది తీసుకోవాలని కూడా కొందరు అడుగుతున్నారు. ముంబాయి నుండి అగత్తి ద్వీపం దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్ల దూరం, దాదాపు సూటిగా దక్షిణం. వెళ్ళేటప్పుడు నౌకకు కుడి పక్కన పడమర, ఎడమ పక్కన తూర్పు. తిరిగి వచ్చేటప్పుడు అది తారుమారు. అత్తగారి గది కుడి పక్కది. వెళ్ళేటప్పుడు సూర్యాస్తమయం, వచ్చేటప్పుడు సూర్యోదయం ఆమె వాకిటిలోనే. ఎడమ పక్కవారికి అదే వరుస తిరగబడుతుంది. పోయిన దారినే తిరిగి వచ్చే ప్రయాణంలో పక్క కొరకు అదనంగా చెల్లించవలసిన పని లేదు. పడమటి ఎండ అస్ర్ వేళ నేరుగా బాల్కనీలో పడుతుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఖిబ్లా ఆ దారిలో పడమరకు కొద్దిగా ఉత్తరంగా ఉంటుంది. దిక్సూచి మొరాయించినా, బాల్కనీలో నిలబడి సూర్యుణ్ణి చూస్తే దిక్కు తెలిసిపోతుంది. కుర్చీలు లోపలికి జరిపితే ఒక జానిమాజ్ పడుతుంది. నమాజ్ మధ్యలో నౌక మలుపు తిరిగినట్లు తెలిస్తే తాను కూడా ఖిబ్లా వైపు తిరగాలి. నడుస్తున్న నౌకలో నిలబడగలవారు కూర్చుని చేసినా చెల్లుతుందని, అయినా నిలబడటమే ఉత్తమమని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. తగిన కారణం లేనిదే కూర్చోరాదని ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌ల అభిప్రాయం. అత్తగారి మోకాళ్ళ విషయంలో ఈ భేదానికి తావే లేదు.

మూడవనాడు అగత్తి. పెద్ద నౌక ఒడ్డుకు చేరలేదు. పగడపు దిబ్బలకు వెలుపలే ఆగుతుంది. అక్కడి నుండి చిన్న పడవలలో తీసుకుపోతారు. అలల మీద లేచి పడే పడవలోకి నౌక ప్రక్క నుండి కాలు పెట్టడం యువకులకే జాగ్రత్త పని. అత్తగారు గదిలోనే ఉండిపోయారు. మేము ఒడ్డుకు వెళ్ళాము. సన్నగా పొడవుగా, ఎనిమిది కిలోమీటర్లకు మించని ద్వీపం. ఒక చివర విమానాలు దిగే దారి, మిగిలినదంతా కొబ్బరి చెట్లు, ఇళ్ళు, మస్జిదులు. లక్షద్వీప్ జనాభాలో నూటికి తొంబయ్యారు మంది ముస్లిములు. వారి భాష మలయాళానికి దగ్గరిది. మాకు రాదు, మా తెలుగు వారికి రాదు. సలాముతో మొదలైన మాట కొంత హిందీతో, కొంత సైగలతో సాగినది.

సాయంత్రం తిరిగి వచ్చి చూస్తే, ద్వీపాన్ని మాకంటే ఎక్కువ సేపు చూచినది అత్తగారే. ఆగిన నౌక గాలికి, ప్రవాహానికి మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ఒక గంట ఆకుపచ్చ గీతలాంటి ద్వీపం, దాని ముందు లేత పచ్చని నిలువ నీరు ఆమె ఎదుట ఉండేవి. మరొక గంట నల్లని నీలపు లోతు సముద్రం. ఎక్కడ నీటి రంగు మారుతున్నదో ఆమె మాకు వ్రేలితో చూపించారు.

బాల్కనీలో లోపాలు లేవని అనను. ఆ గదులు పై అంతస్తులలో ఉంటాయి. ఎత్తు పెరిగిన కొద్దీ ఊగిసలాట పెరుగుతుంది. కడుపులో తిప్పే స్వభావం గలవారికి నౌక నడుమ, క్రింది అంతస్తులోని గదే సుఖం. మా బావమరిది మొదటి రాత్రి నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నాడు, క్రింద ఉన్న మేము హాయిగా నిద్రపోయాము. బాల్కనీల మధ్య అడ్డు పలకలు ఉంటాయి గానీ మాటలు వినిపిస్తాయి, కొన్నిటిలోకి పై అంతస్తు నుండి చూపు పడుతుంది. పర్దా కొరకు తీసుకునేవారు ఈ సంగతిని ముందే అడగాలి. కొన్ని గదుల ఎదుట లైఫ్‌బోట్లు వేలాడుతుంటాయి. డబ్బు సముద్రానికి చెల్లించి పడవ అడుగును చూస్తూ కూర్చోవలసి వస్తుంది. చిన్నపిల్లలున్నవారు కుర్చీలను కమ్మీల దగ్గర వదలరాదు, తలుపు గడియ తీసి ఉంచరాదు. మూడు నాలుగేళ్ళ పిల్లలున్న కుటుంబమైతే అసలు వద్దనే నా సలహా.

మరి సొమ్ము తగినదేనా? ఇద్దరికి కలిపి ముప్పై వేలు అదనమనుకుందాము. నడవగలిగిన దంపతులు పగలంతా డెక్ మీదనో, ఒడ్డు మీదనో ఉంటారు. రాత్రి బాల్కనీ నుండి కనిపించేది చీకటి. రోజుకు రెండు గంటలు కూర్చుంటే నాలుగు రోజులకు ఎనిమిది గంటలు. గంటకు నాలుగు వేలకు దగ్గర పడుతుంది. మాకు అది దుబారా. అత్తగారు రోజుకు పది గంటలకు తక్కువ కాకుండా కూర్చున్నారు, అదీ నౌకలో మరెక్కడికీ పోలేని స్థితిలో. ఆమెకు లోపలి గది తీసుకుని ఉంటే అడుగు అంతస్తులో మరొక ప్రయాణం చేయించినవారమయ్యేవారము. మంచి దృశ్యం కొరకని బాల్కనీ తీసుకోవడం నాకు సమ్మతం కాదు. పైకి పోలేనివారు, పైన కూర్చోలేనివారు ఉంటే మాత్రం భోజనాల దగ్గర, బట్టల దగ్గర తగ్గించుకునైనా తీసుకోవాలి.

దారిని బట్టి కూడా ఈ లెక్క మారుతుంది. నైలు నది మీద లక్సర్, అస్వాన్‌ల మధ్య, నార్వే కొండల నడుమ సముద్రపు పాయలలో ఒడ్డు దగ్గరగా, పగలంతా ఎదుటనే సాగుతుంది. అక్కడ సొంత వాకిలి ఉంటే ఆరోగ్యవంతుడు కూడా విసుగు లేకుండా కూర్చుంటాడు. మన పాపికొండల లాంచీలో అందరూ బయటనే కూర్చుంటారు కనుక ఆ చిక్కు లేదు.

వెళ్ళదలచినవారికి ఒకటి రెండు సంగతులు. లక్షద్వీప్‌లో దిగడానికి భారతీయులకు కూడా అనుమతి పత్రం అవసరం. టిక్కెట్టు ఇచ్చేవారు దానిని ఇప్పిస్తారో లేదో ముందే అడగండి. వానాకాలంలో ఆ సముద్రం కల్లోలంగా ఉంటుంది, కనుక చలికాలమే మేలు. తక్కువ ధరకు వస్తున్నదని గది సంఖ్య చెప్పకుండా ఇచ్చే టిక్కెట్టు పెద్దవారి కొరకు తీసుకోకండి. నౌక పటం ముందుంచుకుని, లిఫ్టుకు దగ్గరగా, నడుమ భాగంలో, లైఫ్‌బోట్లకు దూరంగా ఉన్న గదిని సంఖ్యతో సహా వ్రాయించుకోండి. మా అబ్బాయి ఆ పని మూడు నెలల ముందే చేశాడు.