వీసా రాలేదు, పెట్టె సర్దుతోంది

మా సంఘంలో ఒక చెల్లి ఆఫ్రికాకు సేవకు వెళ్తోంది. వీసా ఇంకా రాలేదు. నెలనెలా చందా పంపుతామన్న వాళ్లలో సగం మంది పలకడం లేదు. వాళ్లమ్మకేమో ఒకటే దిగులు: "అక్కడ జ్వరమొస్తే నిన్నెవరు చూస్తారే?" ఆ పిల్ల మాత్రం "దేవుడున్నాడమ్మా" అంటూ పెట్టె సర్దుకుంటోంది.

మిషనరీ అనగానే మనకు తెల్లదొరే గుర్తొస్తాడు. కానీ 1903లో మన తెలుగు బాప్టిస్టులే జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపారు. 1860 నుంచి మద్రాసులో ఓడెక్కి చెరకు తోటలకు కూలికి వెళ్లిన మనవాళ్ల మధ్య ఆయన పని. ఆ ఏడాది డిసెంబరులోనే అక్కడి కియర్స్‌నీలో తెలుగు సంఘం మొదలైంది. వీడియో కాల్ లేదు, ఉత్తరం చేరాలంటే వారాలు. ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు ఎలా నిద్రపోయారో!

అబ్రాహామూ ఎక్కడికో తెలియకుండానే బయల్దేరాడు, నిజమే. అయినా చెల్లీ, టీకాలు వేయించుకో, ఇన్సూరెన్స్ తీసుకో. అది అవిశ్వాసం అనేవాళ్ల మాట వినకు.

ప్రార్థన చేస్తామని కామెంట్ పెట్టేవాళ్లు ఈ నెల చందా కూడా పంపండి.